ఏడింటివాళ్ళు, పదింటివాళ్ళు

మా చర్చికి తలుపు ఒకటే, తాళాలు రెండు. గొలుసుకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఏది తీసినా తలుపు తెరుచుకుంటుంది. ఆదివారం పొద్దున ఏడింటివాళ్ళు తమ తాళం తీసుకుని లోపలికొచ్చి, ఆరాధన ముగించుకుని, పాటల పుస్తకాలు తమ బీరువాలో పెట్టుకుని వెళ్ళిపోతారు. తర్వాత పదింటివాళ్ళు తమ తాళం తీసుకుని వచ్చి, అదే బల్ల మీద తమ గుడ్డ పరుచుకుని, అదే దేవుడికి అవే పాటలు పాడతారు. తప్పు పాడేచోట తప్పు కూడా ఒకటే, ఎందుకంటే రెండు పక్షాలకూ చిన్నప్పుడు పాట నేర్పింది ఒకే టీచరమ్మ. మధ్యలో కాస్త వ్యవధి ఉంచమని కోర్టువారే చెప్పారు. ఎదురుపడితే కొట్టుకుంటామని వాళ్ళ భయం. కొట్టుకోం, అంత ఓపిక ఎవరికీ లేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టాల్సొస్తుందని మా భయం.

నాకు కళ్ళద్దాల దుకాణం ఉంది. ఏడింటివాళ్ళలో నేనొక సంఘ పెద్దని. ఏడింటికే ఎందుకంటే ఆదివారం కూడా పదికి దుకాణం తెరవాలి. అంతకు మించిన సిద్ధాంతం నాకేమీ లేదు. అద్దాలకి మాత్రం రెండు పక్షాలవాళ్ళూ నా దగ్గరికే వస్తారు. గొడవ మొదలైనప్పుడు నల్ల మీసాలు మెలేసినవాళ్ళే ఇప్పుడు వాక్యం చదవడానికి పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పెట్టుకుంటున్నారు. నేను నంబరు పెంచుతూ పోతున్నాను, గొడవ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంతకీ గొడవేమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అప్పట్లో ఉన్న కాపరిని, అంటే పాస్టరుగారిని, చర్చిలన్నిటి మీదా పెత్తనం చేసే మండలి బదిలీ చేసింది. కాపరిని పంపేదీ పిలిచేదీ మండలి, అది పైనుంచి వచ్చే అధికారం అని సగంమంది అన్నారు. కాదు, సంఘమంటే ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్ళే, మా కాపరిని మేమే ఎంచుకుంటాం అని మిగతా సగం అన్నారు. చిలికి చిలికి గాలివాన అయింది. ఇప్పుడు ఏడింటివాళ్ళకి మండలి పంపిన అయ్యగారు ఉన్నారు, తెల్ల అంగీ వేసుకుంటారు. పదింటివాళ్ళకి వాళ్ళు ఎంచుకున్న అయ్యగారు ఉన్నారు, కోటు వేసుకుంటారు. అంగీ అయ్యగారు, కోటు అయ్యగారు అని మా పిల్లలు పెట్టిన పేర్లే అందరికీ అలవాటైపోయాయి. ఇద్దరూ తామే అసలు సంఘమంటారు. రెండోవాళ్ళని మాత్రం కోర్టు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా సంఘమనరు.

వీళ్ళు ఎన్నాళ్ళయినా ఇలాగే ఉండనీ, నాకేం అనుకునేవాణ్ణి. కానీ ఈ రెండు తాళాల మధ్య మా చెల్లెలు చిక్కుకుపోయింది.

మా చెల్లెలు ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. చేసుకున్నది బస్సు డ్రైవరుని. మనిషి బంగారం. అయితే అతని మొదటి పెళ్ళాం అతన్ని వదిలేసి వేరే సంసారం చేసుకుంది, బతికే ఉంది. మొదటి మనిషి బతికుండగా రెండో పెళ్ళి మా క్రమంలో చెల్లదు. అందుకని వీళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్నారు. సంఘం ఊరుకుంటుందా? ఏడాదిపాటు ఆమెను బల్లకి దూరం పెట్టింది. బల్ల అంటే మావాళ్ళ మాటలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. నెలకోసారి, మొదటి ఆదివారం. మా చెల్లెలు ఎదురు చెప్పలేదు. "ఏడాదేగా అన్నయ్యా, కూర్చుంటాను. కానీ ఆయన్ని చేసుకోవడం పాపమని మాత్రం నా నోటితో అనను" అంది. ఆ మాట అనమని ఎవరూ పట్టుబట్టలేదు కూడా. ఏడాది నిండాక సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసి తిరిగి చేర్చుకుంటే సరిపోతుంది.

ఆ సమావేశంలో ఆమె సంగతి చివరి అంశం. దాని ముందుది కాపరి బదిలీ. ఆ ముందు అంశం దగ్గరే కుర్చీలు గాల్లోకి లేచాయి. అధ్యక్షుడు సభని వాయిదా వేస్తున్నట్టు అరిచి వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఆ సమావేశం ఇప్పటికీ ముగియలేదు. వాయిదాలోనే ఉంది.

మా చెల్లెలు ఇప్పటికీ వెనక బెంచీ మీద కూర్చుంటూనే ఉంది. మొదటి ఆదివారం అందరూ లేచి ముందుకి వెళ్తుంటే మోకాళ్ళు పక్కకి తిప్పి దారిస్తుంది. తిరిగి వస్తుంటే మళ్ళీ తిప్పుతుంది. మొదట్లో జనం జాలిపడేవారు. తర్వాత అలవాటు పడ్డారు. ఈమధ్య చేరినవాళ్ళు ఆవిడకి మోకాళ్ళ నొప్పులేమో అనుకుంటున్నారు.

ఒక మధ్యాహ్నం నా దుకాణానికి వచ్చి, అద్దాల పరీక్ష చేసే కుర్చీలో కూలబడింది. మెట్లు రెండే అయినా ఆయాసపడుతోంది.

"ఏంటమ్మాయ్, కళ్ళు కూడా పోయాయా?" అన్నాను.

"కళ్ళు బానే ఉన్నాయి అన్నయ్యా. గుండెలో కవాటం పాడైందట. కోసి మార్చాలట, వచ్చే మంగళవారం."

నా చేతిలోని ఫ్రేము పక్కన పెట్టేశాను. "డాక్టరేమన్నాడు?"

"ఏమంటాడు, పెదవి విరిచాడు. ఇంత ఆలస్యంగానా రావడం అన్నాడు. చేస్తే బతకొచ్చు, చెయ్యకపోతే బతకవు అన్నాడు. ఆ 'బతకొచ్చు' అన్నప్పుడు మీ బావ మొహం చూడాలి. స్టాపు దాటిపోయాక బెల్లు కొట్టిన ప్యాసింజర్ని చూసినట్టు చూశాడు." నవ్వబోయి, ఆయాసం వచ్చి ఆగింది. కాసేపు గోడమీది అక్షరాల పట్టిక వైపు చూస్తూ కూర్చుంది.

"అన్నయ్యా, లోపలికి వెళ్ళేముందు ఒక్కసారి బల్ల తీసుకోవాలని ఉంది."

ఇన్నేళ్ళలో ఆమె నోటివెంట ఆ కోరిక వినడం అదే మొదలు. నా నోటికి తెలివి తక్కువ మాట ఒకటి వచ్చింది. "వేరే చర్చిలు లేవా? ఈ వీధి చివరనే ఒకటుంది. అడిగితే రేపే ఇస్తారు."

"ఇస్తారు. వాళ్ళు నన్ను లేవగొట్టలేదుగా, పిలిచి పెడతారు. నన్ను లేవగొట్టింది ఇక్కడ. అలిగిన ఇంట్లో పెడితే కదా అలక తీరేది. పక్కింట్లో తింటే కడుపు నిండుతుందేమో, అలక తీరుతుందా?" అని లేచి, కొంగు సర్దుకుంది. "వీలైతేనే. తల బద్దలు కొట్టుకోకు. నీకు బీపీ ఉంది."

ఆ సాయంత్రమే అంగీ అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడు. మంచివాడైనందువల్ల పనులు జరగవు, అది వేరే సంగతి. విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు, ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక అసలు మాట చెప్పారు.

"పెద్దగారూ, కట్టిన చేతులే విప్పాలి. అది క్రమం. కట్టింది చీలకముందు ఉన్న సంఘం. ఆ సంఘం మేమే. కాబట్టి మేం విప్పొచ్చు."

"మరి విప్పండి."

"విప్పితే, చీలకముందు సంఘం మేమేనని తీర్మానం రాసుకున్నట్టవుతుంది. అది కోర్టులో ఉన్న విషయం. వాళ్ళు వెంటనే పిటిషన్ పడేస్తారు. మండలివారు నన్ను అడుగుతారు. పదింటివాళ్ళు అభ్యంతరం లేదంటే నాకేం? ఇప్పుడే వస్తాను."

పదింటివాళ్ళ కోటు అయ్యగారు అదృష్టంకొద్దీ ఆ వారంలోనే అద్దాలు మార్పించుకోవడానికి వచ్చారు. పరీక్ష ఫ్రేము ముక్కుమీద పెట్టి, రెండు గుండ్రటి అద్దాలు బిగించి, కదలకుండా కూర్చోబెట్టి అడిగాను. మనిషిని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

"మీ చెల్లెలుగారి సంగతి నాకు తెలుసండీ. చాలా బాధాకరం. కింది వరస మసకగా ఉంది."

"ఇప్పుడు?"

"ఆఁ, ఇది నయం. చూడండి, సంఘమంటే మనుషులు. మండలి కాదు, అంగీ కాదు. మా సంఘం కూర్చుని చేతులెత్తితే చాలు, క్షణంలో విప్పేస్తాం. కాకపోతే ఆవిడ మా సభ్యురాలు కాదు కదా. ఏడింటికి వెళ్తున్నారు. మీవాళ్ళని మేం చేర్చుకుంటే రేపు మావాళ్ళని మీరు లాక్కుంటారు."

"హాస్టల్లో పొద్దున్నే వంట దించి ఏడింటికి వస్తుందండీ. పదికి మళ్ళీ పొయ్యి వెలిగించాలి. అంతే తప్ప అందులో పక్షం లేదు."

"మనకి తెలుసు. కోర్టుకి తెలీదుగా?" అని, అద్దాల్లోంచి నా వైపు చూశారు. ఆ అద్దాల్లో ఆయన కళ్ళు పెద్దవిగా, నిజంగానే దిగులుగా కనిపించాయి. "ఏడింటివాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం లేదంటే నాకేం? ఇప్పుడే వస్తాను."

ఇద్దరూ ఇప్పుడే వస్తామనేవాళ్ళే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు ఈ మధ్యలో నేను. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగడంలోనే నాలుగు రోజులూ పోయాయి. ఒకరోజు ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే కుర్చీలో పడ్డాను. "ఇంత మంది పెద్దలు కలిసి ఒక్క రొట్టెముక్క ఒక్క మనిషి నోట్లో పెట్టలేకపోతున్నారా?" అంది మా ఆవిడ. "ఎద్దు పుండు కాకికి ముద్దా" అని తనే మళ్ళీ గొణుక్కుంటూ లోపలికి వెళ్ళింది.

చివరికి సోమవారం సాయంత్రం రెండు పక్షాల పెద్దలనీ చర్చి వెనక గదిలో కూర్చోబెట్టగలిగాను. కిందటి రోజే మా చెల్లెల్ని ఆసుపత్రిలో చేర్చారు. సోమవారం సాయంత్రం మేమంతా వచ్చేస్తామని బావకి ఫోనులో గట్టిగా చెప్పాను. తర్వాత తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అంత గట్టిగా చెప్పాల్సింది కాదు.

ఆ వెనక గదిలో రెండు బీరువాలు, రెండు బల్లలు, రెండు చీపుళ్ళు ఉంటాయి. ఎవరి చీపురుతో వాళ్ళు సగం గది ఊడ్చుకుంటారు. మధ్యలో ఒక గీత ఎవరూ గీయలేదు, కానీ దుమ్ము తనే గీసుకుంది. ఆ దుమ్ము గీతకి ఇటు మేం, అటు వాళ్ళు. అటువైపు కోటు అయ్యగారి పక్కన పాయింటాయన కూర్చున్నాడు. వకీలు దగ్గర గుమాస్తా. ఏ సభలోనైనా చెయ్యెత్తి "ఒక పాయింటు" అనకపోతే తిన్నది అరగదు. ఇటువైపు మా హెడ్మాస్టరమ్మ. అప్పట్లో మా చెల్లెల్ని దూరం పెట్టాలని ప్రతిపాదించింది ఆవిడే. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వచ్చింది.

ముందు అధ్యక్షత ఎవరిది అన్నారు. ఎవరిదీ వద్దు, ప్రార్థనతో మొదలుపెడదాం అన్నాను. ప్రార్థన ఎవరు చేయాలి అన్నారు. ఇద్దరు అయ్యగార్లూ చేశారు, ఒకరి తర్వాత ఒకరు, ఒకరికంటే ఒకరు పొడుగ్గా.

"ఒక పాయింటు," అన్నాడు పాయింటాయన. "ఇది సమావేశమా, మాటామంతీనా? సమావేశమైతే నోటీసు ఇవ్వలేదు. మాటామంతీ అయితే తీర్మానం చేయకూడదు."

"బాబూ, ఆ పిల్లకి రేపు గుండె కోస్తున్నారు," అంది హెడ్మాస్టరమ్మ.

"నాకూ బాధేనమ్మా. నేనేమైనా రాయినా? కానీ పద్ధతి లేకుండా కట్టడం మీ తరం చేసింది, పద్ధతి లేకుండా విప్పడం మేం చేయాలా?"

పద్ధతి లేకుండా కట్టలేదని హెడ్మాస్టరమ్మ అంది. అక్కడ ఒక అరగంట పోయింది. తర్వాత తీర్మానం కాదు, 'ఉమ్మడి అంగీకారం' అనే మాట దొరికింది. దానికి ఇరువైపులా తలలు ఊగాయి. హమ్మయ్య అనుకున్నాను. అంతలో కోటు అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మరి రొట్టె ఎవరు విరుస్తారు?"

మండలి చేతులుంచి అభిషేకించినవాళ్ళు తప్ప విరవకూడదని మావాళ్ళు. సంఘం పిలిచినవాడెవరైనా విరవొచ్చని వాళ్ళు. మావాళ్ళు విరిస్తే మండలి గెలిచినట్టు. వాళ్ళు విరిస్తే బెంచీలు గెలిచినట్టు. మా రొట్టె పలచటి బిళ్ళ, వాళ్ళ రొట్టె బేకరీది. మేం ఒకే గిన్నెలోంచి అందరికీ తాగిస్తాం, వాళ్ళు చిన్న చిన్న గ్లాసుల్లో పంచుతారు. ఒకే గిన్నెలో ఐక్యత ఉంది అన్నారు మా అయ్యగారు. ఒకే గిన్నెలో జలుబు కూడా ఉంది అన్నాడు పాయింటాయన. నేను గోడ గడియారం చూశాను. ఆసుపత్రి గేటు మూసే వేళ దగ్గర పడింది. "అయ్యా, దారిలో మాట్లాడుకుందాం, లేవండి" అన్నాను. ఎవరూ లేవలేదు. లేచి నిలబడి అరుద్దామనిపించింది. నిజం చెప్పాలంటే అరిచే ఓపిక కూడా లేకపోయింది. ఏళ్ళ తరబడి ఈ గదిలో కూర్చుని కూర్చుని నా కోపం కూడా వాయిదాలకి అలవాటు పడిపోయింది.

ఆఖరికి హెడ్మాస్టరమ్మే కర్ర నేలమీద కొట్టింది. "ఒకరు రొట్టె, ఒకరు గిన్నె. రొట్టె బేకరీది, గిన్నె ఒకటే. ఇక ఒక్కరు నోరెత్తినా చెవి మెలేస్తాను." ఆ గదిలో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే, నోళ్ళు మూతపడ్డాయి. అంగీ అయ్యగారిది రొట్టె, కోటు అయ్యగారిది గిన్నె. బయటికొచ్చేసరికి ఆసుపత్రి గేటు మూసేశారు. పొద్దున్నే, ఆపరేషన్‌కి తీసుకెళ్ళక ముందే వెళ్దామనుకున్నాం. బావకి ఫోను చేస్తే ఎత్తలేదు. వార్డులో ఫోనులు మోగనివ్వరని తర్వాత తెలిసింది.

మంగళవారం పొద్దున ఇద్దరు అయ్యగార్లనీ ఒకే ఆటోలో ఎక్కించాను. నేను మధ్యలో కూర్చున్నాను, అడకత్తెరలో పోకచెక్కలా. ఒళ్ళో రొట్టె పెట్టుకుని ఒకరు, గిన్నె సంచి పట్టుకుని ఒకరు. దారంతా ఎవరి వైపు నుంచి వాళ్ళు బయటికి చూశారు. గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరూ నా మీదే పడ్డారు.

వార్డు మెట్ల దగ్గర బావ ఎదురయ్యాడు. ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు, నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి. అయ్యగార్లని చూసి గభాలున చేతులు జోడించాడు. ఎవరివల్ల ఆమెని దూరం పెట్టారో ఆ మనిషి అతనేనని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నమస్కారం పెట్టారు.

"నిన్న సాయంత్రం వస్తారన్నారుగా బావగారూ," అన్నాడు నెమ్మదిగా. నిష్ఠూరం కాదు, ఉన్న మాట. "చూసి చూసి అలసిపోయింది. నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక నర్సమ్మని అడిగి తల దువ్వించుకుంది. దిండు ఆనుకుని, గేటు మూసేదాకా కూర్చునే ఉంది."

లోపలికి నడిచాం.

మా చెల్లెలు స్ట్రెచర్ మీదే ఉంది. ఆకుపచ్చ గౌను వేసి, జుట్టంతా గుడ్డ టోపీలోకి తోసేశారు. ఆ టోపీలో మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. మమ్మల్ని చూసి లేవబోయింది. నర్సు భుజం మీద చెయ్యేసి పడుకోబెట్టింది.

"వచ్చారా," అంది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ వచ్చారా!"

అంగీ అయ్యగారు రొట్టె మూట విప్పారు. కోటు అయ్యగారు గిన్నెలో ద్రాక్షరసం పోశారు. ప్రార్థన ఇద్దరూ కలిసి చదివారు. ఒకే గొంతులా రాలేదు కానీ మాటలు అవే. అంగీ అయ్యగారు రొట్టె విరిచి ఆమె వైపు వంగారు.

"ఏం చేస్తున్నారండీ!" నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "రాత్రి నుంచి నోట్లో ఏమీ వెయ్యకూడదు ఆవిడ. నీళ్ళు కూడా లేవు. మత్తు ఇచ్చాక కక్కుకుంటే ఊపిరి ఆగిపోతుంది. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేదు కూడా. పిల్లవాడికి గొంతులో గడ్డలు తీయించిన ప్రతి తల్లికీ తెలిసిన సంగతి అది. నిన్న సాయంత్రమంతా ఆ గదిలో అధ్యక్షత గురించి, నోటీసు గురించి, రొట్టె మందం గురించి, గిన్నె గురించి వాదించిన అంతమందిలో ఒక్కరికి కూడా, నాతో సహా, తినాల్సిన మనిషి తినగలదా అన్నది తట్టలేదు.

"పెదవులకి తాకిస్తే?" అన్నారు అంగీ అయ్యగారు.

"తాకిస్తే తీసుకున్నట్టవుతుందా అన్నది..." అని మొదలుపెట్టి, కోటు అయ్యగారు తమ మాట తామే మింగేశారు.

"ఏదీ తాకించడానికి లేదు," అంది నర్సు.

స్ట్రెచర్ తోసే మనిషి వచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. "పిలుస్తున్నారు. త్వరగా కానివ్వండి."

మా చెల్లెలు రొట్టె వైపు చూసింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేసే ఓపిక ఆమెలో లేదు.

"సరే, నేను తినకూడదు. మీరు తినండి," అంది.

"అమ్మా?"

"ఇన్నేళ్ళూ మీరు తింటుంటే చూస్తూనే ఉన్నాను అయ్యగారూ, నాకు చూడ్డం అలవాటే. ఈ సంఘం ఒక్కచోట తినగా చూసి చాలా కాలమైంది. నాకు పెట్టడానికి తెచ్చారుగా. అది మీరిద్దరూ ఒకరికొకరు పెట్టుకోండి. నన్ను తీసుకెళ్ళేలోగా అదైనా చూస్తాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అంగీ అయ్యగారు రొట్టె ముక్క చూశారు, కోటు అయ్యగారు గిన్నె చూశారు. ఆ క్షణంలో ఆ ఇద్దరి వెనకా ఎవరెవరు నిలబడి ఉన్నారో నాకు తెలుసు. ఒకరి వెనక మండలి, ఒకరి వెనక బెంచీలు, ఇద్దరి వెనకా వకీళ్ళు. ఈ సంగతి బయటికి పొక్కితే ఇద్దరికీ సంజాయిషీ తప్పదు. తోసే మనిషి చక్రం మీది బ్రేకుకి కాలు ఆనించాడు.

"కానివ్వండయ్యా," అన్నాడు బావ. అతను బాప్తిస్మం కూడా తీసుకోలేదు. "బండి కదిలిపోతుంది."

అంగీ అయ్యగారు చెయ్యి చాచారు. కోటు అయ్యగారి రెండు చేతుల్లోనూ గిన్నె ఉంది, అందుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక్క క్షణం తటపటాయించి, పసివాడిలా నోరు తెరిచారు. అంగీ అయ్యగారు ఆ నోట్లో రొట్టె పెట్టారు. నిన్నటి బేకరీ రొట్టె, ఎండిపోయి ఉంది. ఆయన నమలలేక నమిలి, గిన్నె ఎత్తి అంగీ అయ్యగారి పెదవులకి ఆనించారు. కాస్త అంగీ మీద ఒలికింది. తర్వాత గిన్నె అంగీ అయ్యగారు పట్టుకుంటే, కోటు అయ్యగారు ఆయన నోట్లో రొట్టె పెట్టి, గిన్నెలో మిగిలింది తాము తాగారు.

మా చెల్లెలు ఇద్దరినీ చివరిదాకా చూసింది. హాస్టల్లో పిల్లలు తింటుంటే గరిటె పట్టుకుని, ఎవరికి చాలలేదో కనిపెడుతూ నిలబడుతుంది. అదే చూపు.

"సరిపోయిందా?" అని అడిగింది వాళ్ళని.

ఇద్దరూ తల ఊపారు. కోటు అయ్యగారు మూతి తుడుచుకోవడం కూడా మరిచిపోయారు. నేను వంగి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాను. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"చూడ్డానికి బాగుంది అన్నయ్యా," అంది. మెల్లగానే అంది, కానీ ఆ గదిలో అందరికీ వినిపించింది. "నాకు మాత్రం ఆకలిగానే ఉంది."

తోసే మనిషి బ్రేకు తీశాడు. బావ ఆమె పాదం పట్టుకుని థియేటరు తలుపు దాకా నడిచాడు.